గడ్డం దొర డబ్బా, ఖాదర్ వలి సీసా

అద్దంకిలో మిరపకాయల వ్యాపారం చేసే అంకమ్మరావు ఆ శుక్రవారం పొద్దున వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. ఏడింటికి ఇడ్లీ తినాలి. ఏడున్నరకి కారెక్కాలి. పదిన్నరకల్లా గుంటూరు కమీషన్ కొట్టు దగ్గర దిగి మిరపకాయల మచ్చు చూపించాలి. దీపాలవేళకి ఇల్లు చేరాలి. ఇందులో ఎక్కడా బండరాయి లేదు, ఎడ్లు లేవు, మైకు లేదు. ఆ మూడూ దారిలో వచ్చి చేరాయి. అది యాభై తొమ్మిదో సంవత్సరం. ఊరు మొత్తానికి ఉన్నవి రెండు కార్లు. ఆ రెండూ ఒకే చుట్టరికంలో ఉండటమే అసలు చిక్కు.

అంకమ్మరావుకి మార్కు పిచ్చి. సబ్బుకి మార్కుండాలి, గొడుగుకి మార్కుండాలి, నశ్యం డబ్బాకి కూడా మార్కుండాలి. మార్కు లేని బనీను తొడుక్కుంటే ఒళ్ళు దురద పెడుతుందనేవాడు. ఆయన అమ్మే మిరపకాయలకి మాత్రం ఏ మార్కూ లేదు. బస్తా పైన ఎర్రకాయ, అడుగున తాలుకాయ. అడిగినవాడికి "మిరపకాయకి మార్కేమిటండీ, నోరే మార్కు" అని చెప్పేవాడు.

ఆయన కారు చెన్నపట్నంలో ఒక డాక్టరు వాడి వాడి విసుగెత్తి అమ్మేసింది. దాని ఆరోగ్యం కోసం అంకమ్మరావు పెట్రోల్లో ఒక మందు కలిపించేవాడు. గుంటూరులో అమ్మే పరదేశపు డబ్బా అది. దాని మీద టోపీ పెట్టుకున్న ఒక గడ్డం దొర బొమ్మ. ట్యాంకులో ఒక మూతెడు పోస్తే ఇంజను లోపల మసి పట్టదనీ, బండి పరుగందుకుంటుందనీ డబ్బా మీద రాసి ఉంది. రాసింది ఇంగ్లీషులో కాబట్టి అంకమ్మరావు నమ్మాడు. డబ్బా ఏడు రూపాయలు, నెలకొకటి.

అదే పని చేసే మందు ఊళ్ళో బస్టాండు పక్కన ఖాదర్ వలి కూడా అమ్మేవాడు. ఖాదర్ వలిది మోటారు నూనెల కొట్టు. దగ్గుమందు ఖాళీ సీసాల్లో ఎర్రటి ద్రవం పోసి, కాగితం ముక్క మీద తన చేత్తో "వలి పెట్రోలు మందు" అని రాసి అంటించేవాడు. సీసా రూపాయిన్నర. అది దొర డబ్బాకి సాటి వస్తుందా రాదా అని లారీ డ్రైవర్లు టీకొట్టు దగ్గర గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు. అంకమ్మరావు మాత్రం ఆ సీసా వైపు చూస్తేనే కారు చెడిపోతుందన్నట్టు ముఖం తిప్పుకునేవాడు.

ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. రెండేళ్ళుగా ఆయన కారు తాగుతున్నది వలి సీసాయే.

అది ఆయన భార్య కోటిరత్నం చేసిన ఏర్పాటు. మొదటి డబ్బా అయిపోయిన రోజున రెండో డబ్బాకి ఏడు రూపాయలు పట్టుకుని బయల్దేరుతున్న డ్రైవరు గౌస్ బాషాని ఆవిడ పెరటి గుమ్మం దగ్గర ఆపింది.

"ఏడు రూపాయలకి వీశెడు నెయ్యొస్తుంది. అది మీ అయ్యగారికి పోస్తే కారు లేకుండా ఆయనే గుంటూరు దాకా పరిగెడతాడు. ఇటివ్వు ఆ డబ్బులు. ఇదిగో రూపాయిన్నర. వలి దగ్గర సీసా తెచ్చి ఈ డబ్బాలోనే పొయ్యి."

"అయ్యగారికి తెలిస్తేనమ్మా?"

"తెలిస్తే నువ్వు చెప్పినట్టు. నువ్వు చెప్తే నీ కోటు ఊడినట్టు."

గౌస్ బాషాకి ఆ కోటంటే ప్రాణం. అంతకుముందు అతను జట్కా తోలేవాడు. అంకమ్మరావు కారు కొనగానే గుర్రాన్ని అమ్మేసి, గుంటూరులో నెలరోజులుండి డ్రైవింగు నేర్చుకుని, ఇత్తడి గుండీల ఖాకీ కోటు తొడుక్కున్నాడు. ఆ కోటుతో బజారులోకి వస్తే పాత జట్కావాళ్ళు దారిచ్చేవాళ్ళు. భార్య జానీబీ కూడా నలుగురిలో "మా డ్రైవరు గారు" అనడం మొదలుపెట్టింది. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ పగ్గాలు పట్టుకోవాలి. ఈసారి గుర్రం కూడా లేదు.

కాబట్టి నోరు మూసుకున్నాడు. ఒకటే డబ్బా, నెలనెలా కొత్త సీసా. మిగిలింది కోటిరత్నం ఆవాల డబ్బాలోకి పోయేది. డబ్బా కొత్తగా కనపడాలని ఆవిడ ప్రతినెలా చింతపండుతో తోమేది. తోమగా తోమగా దొర గడ్డం అరిగిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆయన నున్నగా గీయించుకున్న పెళ్ళికొడుకులా తయారయ్యాడు. అంకమ్మరావు ఒకసారి డబ్బా పట్టుకుని చూసి, "కంపెనీవాళ్ళు రంగులో పొదుపు చేస్తున్నార్రా గౌసూ, సరుకులో మాత్రం లోటు చెయ్యలేదు" అన్నాడు. మూత తీసి వాసన కూడా చూశాడు. ముప్పై ఏళ్ళు మిరప ఘాటు పీల్చిన ముక్కు అది. దానికి మల్లెపువ్వూ కిరసనాయిలూ ఒకటే.

ఇక ఆ శుక్రవారం సంగతి. గుంటూరు బయల్దేరిన కారు పెట్రోలు పంపు దగ్గర ఆగింది. అప్పటికే అక్కడ రెండో కారు ఆగి ఉంది. అది యలమందయ్యది. ఆయన కోటిరత్నానికి అన్న, పొగాకు ఆరబెట్టే బారెన్ల ఆసామి. కారు తనే నడుపుకుంటాడు, అందులో బాహాటంగా వలి సీసా పోసుకుంటాడు. బావాబావమరుదులిద్దరికీ ఒకరిని చూస్తే ఒకరికి నాలుక దురద.

"ఏం బావా, ఇంకా ఆ దగ్గుమందే పోస్తున్నావా?" అన్నాడు అంకమ్మరావు కిటికీలోంచి.

"దగ్గుమందే. నా కారు దగ్గట్లేదు. నీదే మొన్న సంతలో మంచం పట్టింది. పదిమంది తోస్తే గాని లేవలేదట?"

"అది బ్యాటరీ. ఇంజను చూసి మాట్లాడు. దొర సరుకు తాగే ఇంజను."

"దొర సరుకు తాగి అరవచాకిరీ చేస్తోందా? నా బండి ముందు నిలబడమను చూద్దాం."

"నీ బండెంత, దాని బతుకెంత? రూపాయిన్నర బతుకు."

వలిని అన్నా ఊరుకునేవాడేమో గాని బండిని అనేసరికి యలమందయ్య కిందికి దిగాడు. ఆయన దిగాడు గనక అంకమ్మరావూ దిగాడు. వాళ్ళు దిగారు గనక టీకొట్టు దగ్గరున్న జనం లేచి వచ్చారు. రెండు కార్లకీ పరుగుపందెం పెడదామన్నాడు ఒకడు. ఎక్కడ పెడతావురా, రోడ్డు నిండా మిరపబస్తాల బళ్ళేగా, అన్నాడు ఇంకొకడు. అప్పుడు బెంచీ మీద కూర్చున్న చెంచయ్య టీగ్లాసు కింద పెట్టాడు.

చెంచయ్య చుట్టుపక్కల ఊళ్ళ బండలాగుడు పందేలన్నిటికీ ఇరవై ఏళ్ళుగా పెద్దమనిషి. ఎద్దు మూతి ఎత్తి పళ్ళు చూసి, రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా తేల్చి, ఏ బండ కట్టాలో చెప్పేవాడు. ఆయన మాటకి తిరుగు లేదు.

"పరుగులో ఏముందయ్యా, కుక్క కూడా పరిగెడుతుంది. సత్తువ తెలియాలంటే బండ కట్టాలి," అన్నాడు.

ఇంతకాలం ఈ ముక్క ఎవరికీ ఎందుకు తట్టలేదా అని అందరూ ఆశ్చర్యపోయారు. చెంచయ్య లేచి అంకమ్మరావు కారు ముందుకొచ్చి బానెట్టు ఎత్తించాడు. లోపలికి వంగి చూశాడు.

"ఎన్ని పళ్ళు?"

"పళ్ళు కాదండీ, సిలిండర్లు. నాలుగు," అన్నాడు గౌస్ బాషా.

"యలమందయ్యదీ?"

"అదీ నాలుగే."

"అయితే నాలుగు పళ్ళ విభాగం. ఎల్లుండి ఆదివారం పొద్దున్నే నా చేలో. పక్కన ముగ్గురికి మించి పరిగెత్తకూడదు. కర్రతో పొడవకూడదు. హారను రెండుసార్లు కొట్టుకోవచ్చు. మందు మాత్రం నలుగురి ముందూ మూత తీసి పొయ్యాలి."

ఇంతటితో ఆగితే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అంకమ్మరావు గుంటూరులో మచ్చు చూపించడం ముగించుకుని, ఉత్సాహం పట్టలేక, దొర డబ్బాల ఏజెంటు షాపుకి కారు పోనిమ్మన్నాడు. గౌస్ బాషా ఆ వీధి తెలియదన్నాడు. "రెండేళ్ళుగా నెలనెలా వచ్చి కొంటున్నావు, వీధి తెలియదా?" అని అంకమ్మరావు అడిగేసరికి వెంటనే తెలిసింది.

ఏజెంటు పేరు జోసఫ్. టై కట్టుకున్న సన్నటి మనిషి, నవ్వు మాత్రం వెడల్పు. అంకమ్మరావు సంగతంతా చెప్పగానే కుర్చీ వేయించి సోడా తెప్పించాడు.

"రెండేళ్ళ నుంచీ మా సరుకేనాండీ? మీరెప్పుడూ షాపులో కనపడలేదే?"

"మా డ్రైవరు కొంటాడు."

జోసఫ్ గౌస్ బాషా వైపు చూశాడు. గౌస్ బాషా సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

"సరే సార్. ఆదివారం నేనే వస్తాను. మైకు తెస్తాను, ఫోటోగ్రాఫరుని తెస్తాను. సీలు వేసిన డబ్బా నా చేత్తో విప్పి పోస్తాను. ఇంకో మంచి మాట. కంపెనీ స్కీము ఒకటుంది. ఇరవై నాలుగు ఖాళీ డబ్బాలు వెనక్కి తెచ్చినవారికి గోడ గడియారం బహుమతి. రెండేళ్ళంటే మీకు సరిగ్గా ఇరవై నాలుగు ఉండాలి. పందెం ముందు మైకులో మీ పేరు చదివి ఇచ్చేస్తాను. డబ్బాలు తెప్పించండి."

"అంతకంటేనా. గౌసూ, విన్నావా?"

గౌస్ బాషా విన్నాడు. విన్న దగ్గర్నుంచి అద్దంకి దాకా అతని చెవులు హోరుమంటూనే ఉన్నాయి.

ఇంటికి చేరగానే అంకమ్మరావు గడియారం ఏ గోడకి తగిలించాలో చూసుకుని, భార్యని ఖాళీ డబ్బాలెక్కడున్నాయని అడిగాడు. కోటిరత్నం కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"అటక మీదున్నాయి. ఆదివారం గౌస్ తెస్తాడులెండి."

ఆయన స్నానానికి వెళ్ళగానే ఆవిడ గౌస్ బాషాని పెరటివైపు పిలిచింది.

"ఉన్న డబ్బా ఒకటి. ఇంకా ఇరవై మూడు కావాలి. ఎక్కడ తెస్తావో నీ ఇష్టం."

"అమ్మగారూ, ఇరవై మూడు దొర డబ్బాలు నేనెక్కడ తెచ్చేది? చెట్టుకి కాస్తాయా?"

"తేకపోతే మాత్రం నాకేమీ తెలియదంటాను. ఏడు రూపాయలూ నీ చేతికిచ్చేది అయ్యగారు. డబ్బా తెచ్చేది నువ్వు. మధ్యలో నేనెవర్ని?"

"మధ్యలో అంతా మీరే కదమ్మా."

"ఆ మాట అయ్యగారితో అని చూడు."

అడకత్తెరలో పోకచెక్క అంటారు చూడండి, అదీ గౌస్ బాషా పరిస్థితి. అయ్యగారికి నిజం చెపితే అమ్మగారు ఉద్యోగం పీకిస్తుంది. చెప్పకపోతే ఆదివారం మైకు ముందు అయ్యగారే పీకేస్తారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. జానీబీ కోటు ఇస్త్రీ చేస్తుంటే, "ఎక్కువ కాలం వేసుకునేట్టు లేను, ఊరికే బొగ్గులు దండగ" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం, వేరే దారి తోచక, ఖాదర్ వలి కొట్టుకి వెళ్ళాడు. వలి అతనికి వరసకి మేనమామ. సంగతంతా విని వలి గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "ఇంతేనా?" అని లేచి వెనకగది తలుపు తీశాడు.

లోపల గోనెసంచుల నిండా దొర డబ్బాలు. ఒక్కొక్క దొరకీ ఒత్తుగా, నల్లగా గడ్డం. గౌస్ బాషా గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇవెక్కడివి మామూ?"

"గుంటూరువి. జోసఫ్ గారు లారీలో ఖాళీ డబ్బాలు పంపిస్తాడు, నేను నింపి, మూత బిగించి, సీలేసి తిరిగి పంపిస్తాను."

"అంటే దొర..."

"దొర సరుకు రావడం ఆగిపోయి ఏడాదిన్నర దాటింది. పరదేశం నుంచి రానివ్వట్లేదుట. సరుకు రాకపోతే మాత్రం షాపు మూసుకుంటాడా? ఉన్న డబ్బాలే తిప్పి తిప్పి వాడుతున్నాడు. ఆ డబ్బాలు చాలట్లేదనే గడియారం స్కీము పెట్టాడు."

"మరి అందులో మీరు పోసేది?"

"సీసాలో పోసేదే. కిరసనాయిలు, ఆముదం, కాస్త జిలేబీ రంగు. ఒకే బానలోంచి రెండిటికీ."

గౌస్ బాషాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండేళ్ళుగా తను మోసిన పాపం ఏదైతే ఉందో, అందులో ఏడాదిన్నర పాపం అసలు జరగనే లేదు. నిజంగానే ఏడు రూపాయలు పెట్టి డబ్బా కొన్నా కారుకి ఇదే మందు దక్కేది. ఆ ఆనందంలో ఇరవై మూడు డబ్బాలు లెక్కపెట్టి సంచిలో వేసుకున్నాడు.

"లెక్క మాత్రం తప్పకూడదురోయ్," అన్నాడు వలి. "అవి జోసఫ్ గారి సొత్తు. ఒక్కటి తగ్గినా ఊరుకోడు."

ఆదివారం చెంచయ్య చేను తిరునాళ్ళలా ఉంది. పత్తి తీసేసిన నల్లరేగడి చేను. పక్కనే ఎండబోసిన మిరపకళ్ళాల ఘాటుకి జనం తుమ్ముతూనే చోటు పట్టుకున్నారు. ఒక పందిరి, పందిరి కింద పెద్దమనుషులకి కుర్చీలు, కోటిరత్నానికి ఒక కుర్చీ. గడ్డం దొర బొమ్మ గీసిన గుడ్డ బ్యానరు. దాని ఎదురుగా ఖాదర్ వలి ఒక ముక్కాలిపీట వేసుకుని, దాని మీద ఒకే ఒక్క సీసా పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు పళ్ళ బండని ఊళ్ళోంచి చేలోకి చెంచయ్య ఎడ్లజత లాక్కొచ్చింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్ళూ పసుపు రాసి బొట్లు పెట్టిన కార్ల మీదే ఉన్నాయి.

జోసఫ్ వచ్చీ రాగానే నేల చూసి పెదవి విరిచాడు. "దుమ్ము లేస్తే ఫోటో సరిగ్గా పడదండీ. మధ్యలో కాస్త నీళ్ళు చల్లించండి," అన్నాడు. ఫోటో మాట వినగానే పదిమంది కుర్రాళ్ళు కాలవకి పరిగెత్తారు. కాస్త అన్నది ఎవరికీ గుర్తులేదు. పందెం మొదలయ్యే గీత దగ్గర మూడు బారల మేర వదిలేసి, అక్కణ్ణుంచి అవతలి గట్టు దాకా చేనుని నారుమడిలా తడిపేశారు.

ముందు బహుమతి. మైకులో అంకమ్మరావు పేరు మోగింది. గౌస్ బాషా సంచి మోసుకొచ్చి డబ్బాలు బల్ల మీద పేర్చాడు. జోసఫ్ నవ్వుతూ పైనున్న డబ్బా అందుకుని, జనానికి చూపించడానికి ఎత్తి, అడుగు చూసి ఆగిపోయాడు. అడుగున ఎర్రరంగు చుక్క ఉంది. వలి డబ్బాలు మార్చేస్తాడేమోనన్న అనుమానంతో తనే కిందటి వారం స్వయంగా పెట్టిన చుక్క. ఇంకో డబ్బా తిప్పాడు. చుక్క. మూడోది తిప్పాడు. చుక్క.

గౌస్ బాషా కోటు పైగుండీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. అటు కోటిరత్నం విసనకర్ర కూడా ఆగిపోయింది.

జోసఫ్ తల తిప్పి వలిని చూశాడు. వలి తన సీసాని పంచె అంచుతో తుడుచుకుంటున్నాడు.

"ఏమండీ, లెక్క సరిపోలేదా?" అన్నాడు అంకమ్మరావు.

తేలు కుట్టిన దొంగ అరవలేడు. ఈ డబ్బాలు నావే అంటే, నీ డబ్బాలు అద్దంకిలో ఖాదర్ వలి కొట్లో ఎందుకున్నాయని ఎవడో ఒకడు అడుగుతాడు. జోసఫ్ మైకు దగ్గరికి వంగాడు. "ఇలాంటి నమ్మకమైన కస్టమరు మా కంపెనీకి ఇంకొకరు లేరు," అన్నాడు. ఆ ముక్క వరకూ నిజమే చెప్పాడు. గడ్డం లేని ఇరవై నాలుగో దొరని మాత్రం కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. గడియారం చేతులు మారింది. తన డబ్బాలు తనే గడియారమిచ్చి విడిపించుకున్న ఏజెంటు బహుశా లోకంలో అతనొక్కడే. కోటిరత్నం విసనకర్ర మళ్ళీ ఆడింది. గౌస్ బాషా గుండీ మీంచి చెయ్యి తీశాడు.

మొదట యలమందయ్య కారు. వలి లేచి సీసా మూత తీసి ట్యాంకులో పోశాడు. వెనక గొలుసుతో బండ కట్టారు. చెంచయ్య తువ్వాలు విసిరాడు. కారు ఒక్కసారి గర్జించి, బండని కదిలించి, ఒక బార, రెండు బారలు, మూడు బారలు లాగింది. జనం ఈలలేశారు. అక్కడ తడి మొదలైంది. వెనక చక్రాలు అక్కడికక్కడే తిరిగి, నల్లమట్టిని వెనకున్నవాళ్ళ ముఖాల మీదికి చిమ్మి, ఇరుసు దాకా దిగబడ్డాయి. యలమందయ్య రెండు హారన్లూ కొట్టేశాడు. మూడోది కొట్టబోతే చెంచయ్య వేలు చూపించాడు.

గొలుసు విప్పి, చెంచయ్య ఎడ్లతో బండని మళ్ళీ గీత దగ్గరికి లాగించి పక్క దారిలో పెట్టారు. ఇప్పుడు అంకమ్మరావు కారు. జోసఫ్ సీలు విప్పి, డబ్బా జనానికి చూపించి పోశాడు. అంకమ్మరావు వంగి వాసన చూసి, "అదీ సరుకంటే," అన్నాడు. గౌస్ బాషా బిస్మిల్లా అనుకుని గేరు వేశాడు. ఒక బార, రెండు బారలు, మూడు బారలు. అక్కడ తడి మొదలైంది. అయ్యగారు పక్కన పరిగెత్తుతూ "తొక్కరా, తొక్కు" అంటున్నారు గనక తొక్కాడు. కాలిన వాసన వచ్చింది, పొగ వచ్చింది, ఇంజను ఒకసారి వెక్కి ఆగిపోయింది. ఈ కారూ ఇరుసు దాకా దిగబడింది.

చెంచయ్య తాడు పెట్టి కొలిచాడు. రెండోసారి కూడా కొలిచాడు.

"మూడు బారలా ఒక జాన. ఇటూ అంతే, అటూ అంతే. బొటనవేలంత తేడా లేదు. రెండు మందులూ సమానం."

ఖాదర్ వలి, జోసఫ్, గౌస్ బాషా ముగ్గురే ఇందులో ఆశ్చర్యపోలేదు. అంకమ్మరావు మట్టి తుడుచుకుంటూ ఆలోచనలో పడ్డాడు.

"సమానమైతే నేను ఏడు రూపాయలెందుకు పోస్తున్నట్టు? గౌసూ, రేపట్నుంచి ఆ డబ్బా వద్దు. రూపాయిన్నర నేనే ఇస్తాను, వలి సీసాయే తెచ్చి పొయ్యి."

పందిరి కింద కోటిరత్నం లేచి నిలబడింది. ఆవాల డబ్బా ఆవాలతో మిగిలిపోవడం ఆవిడ కళ్ళముందు కనపడింది.

"వీల్లేదు. మనకంటూ ఒక పరువుంది. దగ్గుమందు సీసాలు మన గడపలోకి రావడానికి వీల్లేదు. పేరున్న సరుకు పేరున్న సరుకే."

"నేను మొదటి డబ్బా కొన్నప్పుడు నువ్వేగా వీశెడు నెయ్యి అనీ అదనీ నా దగ్గర గోల చేశావు?"

"అప్పుడు తెలియక అన్నాను. డబ్బాలకి గడియారం వచ్చింది. సీసాలకి ఏమొస్తుంది, దగ్గా?"

"ఆ మాటా నిజమే చెల్లాయ్," అన్నాడు యలమందయ్య బురదలోంచి కాలు పీక్కుంటూ. "రెండూ ఒకటే అయినప్పుడు గడియారం ఇచ్చేదే మేలు. జోసఫ్ గారూ, నాకూ నెలకొక డబ్బా రాసుకోండి." రెండేళ్ళు వలి సీసా కోసం బావతో గుద్దులాడిన మనిషి ఆయనే. జోసఫ్ రాసుకున్నాడు. వలి ఏమీ బాధపడలేదు. నింపాల్సిన డబ్బా ఇంకొకటి పెరిగింది, అంతే.

అప్పుడు గాని అంకమ్మరావు తన కారు వైపు సరిగ్గా చూడలేదు. క్లచ్చి మాడిపోయింది. తలుపులు సగం వరకూ బురద. పసుపు, కుంకుమ కారి కారు ముఖం ఏడ్చినట్టుంది. గడియారం సంతోషమంతా ఆవిరైపోయింది.

"లక్షణమైన కారుని తీసుకొచ్చి పాతిపెట్టావు కదరా. డ్రైవింగా అది? ఆ కోటు ఇక్కడే విప్పి పెట్టు. రేపట్నుంచి రానక్కర్లేదు."

తొక్కమన్నది ఎవరు అని గౌస్ బాషా అడగబోయి మానుకున్నాడు. ఒక్కొక్క గుండీ విప్పడం మొదలుపెట్టాడు. మూడో గుండీ దగ్గర అతని చూపు అనుకోకుండానే అమ్మగారి మీద పడింది. ఆ చూపులో ఇరవై నాలుగు నెలలూ ఉన్నాయి. అవన్నీ కోటిరత్నానికి కనపడ్డాయి.

"గౌస్ ఎక్కడికీ పోడు," అంది ఆవిడ. "తొక్కు తొక్కు అని చంపింది మీరు. వాడు పోతే రేపు నేను పేరంటానికి ఎవరితో వెళ్ళాలి? ఆ గుండీలు పెట్టుకోరా."

అంకమ్మరావు మిరపకాయల దగ్గర పులి. ఇంట్లో సంగతి వేరు. "సరే, ఉండనీ," అన్నాడు. గౌస్ బాషా గుండీలు పెట్టుకున్నాడు. ఇక నా కోటుకి ఢోకా లేదని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు పూర్తవలేదు, చెంచయ్య తన ఎడ్లజతని తోలుకుని వచ్చాడు.

అంకమ్మరావు కారు ముందు బంపరుకి మోకు కట్టి కాడికి తగిలించారు. వెనక గొలుసు విప్పడం ఎవరికీ గుర్తులేదు. చెంచయ్య నాలుకతో ఒక్క చప్పుడు చేశాడు. ఎడ్లు మెడలు వంచి అడుగేశాయి. కారు బురదలోంచి చప్పుడు చేసుకుంటూ లేచింది. కారు వెనకాలే బండ కూడా వచ్చింది. ఆ తడిలోనే, గట్టు దాకా, ఎక్కడా ఆగకుండా లాక్కెళ్ళి నిలబడి నెమరు వేయడం మొదలుపెట్టాయి. చెంచయ్య అలవాటు కొద్దీ తాడు తీసి కొలవబోయి, తాడు చాలక ఊరుకున్నాడు.

బండ విప్పేశారు గాని, ఇంజను నడవదు గనక ఇంటిదాకా ఎడ్లతోనే పోవాలి. కారులో కూర్చుని చక్రం తిప్పేవాడొకడు కావాలి, ఎడ్లని అదిలించేవాడొకడు కావాలి. రెండు పనులూ తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే. ముందు అద్దం పైకెత్తి, పగ్గాలు లోపలికి అందించారు. ఇత్తడి గుండీల కోటు తొడుక్కుని, ఒక చేత్తో స్టీరింగూ ఇంకో చేత్తో పగ్గాలూ పట్టుకుని గౌస్ బాషా బజారు మధ్యనించి కారు తోలాడు. జట్కావాళ్ళు స్టాండులోంచి లేచి నిలబడి మరీ సలాం చేశారు. వాళ్ళ నవ్వు మసీదు సందు దాకా వినపడింది. ఉద్యోగం పోతే పగ్గాలు పట్టాల్సి వస్తుందని రెండు రోజులు హడలిపోయినవాడికి, ఉద్యోగం నిలబడినందుకే పగ్గాలు దక్కాయి. జానీబీ గుమ్మంలోంచి చూసి తలుపు వేసుకుంది.

అంకమ్మరావు వెనక సీట్లో గడియారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన చెంచయ్య నడుస్తున్నాడు. ఎడ్ల నడక కేసి చాలాసేపు చూసి, అంకమ్మరావు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏం చెంచయ్యా, వీటికి ఏం పోస్తావు?"

"కుడితి," అన్నాడు చెంచయ్య.

అంకమ్మరావు జేబులోంచి కాగితమూ పెన్సిలూ తీసి, "ఏ మార్కు?" అని అడిగాడు.